మొంజియా టైప్ చేస్తోంది

ఆ గ్రూపులో ఒక్క మాట మర్చిపోతే మొంజియా ఊరుకునేది కాదు. ఎవరో తమ ఇంట్లో దించిన పూలనీళ్ళ సీసా ఫొటో పెడతారు. ఇంకెవరో కింద "అబ్బ, ఎంత తేటగా ఉన్నాయో!" అంటారు. మరునిమిషంలో మొంజియా ప్రత్యక్షం. "తబారకల్లా ఏదమ్మా? ఆ సీసా పగిలితే నువ్వు కొనిస్తావా?"

దేవుడి పేరు తలుచుకుని మెచ్చుకుంటే దిష్టి తగలదు. మా నాబుల్ ఊళ్ళో ఇది పాలు తాగే వయసులోనే నేర్పే మర్యాద. నోటితో మాట్లాడేటప్పుడు ఎవరూ మర్చిపోరు. వేళ్ళతో కొట్టేటప్పుడే తొందర ఎక్కువై ఆ మాట ఎగిరిపోతుంది. అది మొంజియాకి ఒళ్ళు మండే విషయం.

గ్రూపు పేరు 'కత్తార్ అక్కచెల్లెళ్ళు'. నారింజ పూల నుంచి నీళ్ళు దించే రాగి పాత్రని కత్తార్ అంటాం. కింద బాన, మీద టోపీ, టోపీకి పక్కన ముక్కు. పాత ఇళ్ళన్నిట్లో అటక మీద ఒకటి ఉంటుంది కానీ, దాన్ని దింపి పొయ్యి మీద పెట్టే చేతులు తగ్గిపోయాయి. అందుకని రిటైరైన టీచరమ్మ వసీలా ఈ గ్రూపు పెట్టింది. వసీలాకి గ్రూపు నడపడం వచ్చుగానీ పూలనీళ్ళు దించడం రాదు. అది మొంజియాకి వచ్చు. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ చేతుల్లోంచి వచ్చిన విద్య. పూలు తడిగా ఉంటే ఏం చేయాలి, మంట ఎంత ఉండాలి, టోపీలో చన్నీళ్ళు ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆవిడే చెప్పాలి. నలభై మంది ఆడవాళ్ళు అడుగుతుంటే కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, ఒక్క వేలితో, తప్పుల్లేకుండా జవాబులు కొట్టేది.

వసీలా పెట్టిన నియమాలు వేరే ఉన్నాయి. శుక్రవారం శుభాకాంక్షల గులాబీ బొమ్మలు పంపకూడదు. రాజకీయాలు వద్దు. గొంతు సందేశాలు నిమిషం దాటకూడదు. ఈ మూడో నియమం కేవలం నజీహా కోసం పుట్టింది. నజీహా ఉల్లిపాయలు వేయించుకుంటూ మాట్లాడుతుంది, మధ్యలో మనవణ్ణి తిడుతుంది, చివరికి "ఇంతకీ ఏం అడుగుదామనుకున్నానబ్బా?" అని ఆపేస్తుంది. అందరూ నవ్వుకునేవారు. మొంజియా కూడా నవ్వేది. మొగుడు తిజానీ కుండల కొలిమికి పొద్దున్నే వెళ్ళిపోతే, మళ్ళీ అతను వచ్చేదాకా ఆ ఇంట్లో వినిపించే మనుషుల గొంతులు ఆ ఫోన్లోవే.

"నీకు నలభై మంది సవతులు తయారయ్యారే," అనేవాడు తిజానీ.

"సవతులు కాదయ్యా, అప్పచెల్లెళ్ళు. నువ్వు పలక్కపోతే వాళ్ళన్నా పలుకుతారు."

మొంజియాకి పిల్లలు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ ఆమె ముందు అనరు, ఆమె వెనక అనకుండా ఉండరు.

గ్రూపులో ఆమెకి ఒక సొంత నియమం ఉంది. అది ఎక్కడా రాసి లేదు, ఎవరికీ చెప్పలేదు. సీసాల కింద, పూల కింద, తోమిన రాగి కింద అందరికంటే ముందు మాట్లాడేది. పసిపిల్లల ఫొటో వస్తే మాత్రం ఒక్క ముక్క రాసేది కాదు. గుండె గుర్తు కూడా పెట్టేది కాదు.

దానికో కారణం ఉంది. పెళ్ళై అయిదారేళ్ళైనా కడుపు పండని రోజుల్లో మరిది కొడుక్కి ఏడోరోజు విందు చేశారు. మొంజియా పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని, "తబారకల్లా, ఎంత బరువున్నాడో!" అంది. ముందే అంది, మాట తప్పకుండా అంది. ఆ సాయంత్రం పిల్లాడికి జ్వరం తగిలింది. అత్తగారు కుంపట్లో పటిక వేసి, ఆ పొగ పిల్లాడి చుట్టూ తిప్పి, అందరూ కూర్చున్న హాల్లో మొంజియా కళ్ళలోకి చూస్తూ ఆ పటికని చెప్పుకాలితో నలిపింది. ఒక్క మాట అనలేదు. అంటే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు. అనకపోతే ఏం చేస్తాం?

పిల్లాడికి తగ్గిపోయింది. వాడిప్పుడు మీసాలున్న మగాడు. కానీ మొంజియాకి ఆ రోజు ఒకటి అర్థమైంది. మిగతావాళ్ళకి ఆ మాట సరిపోతుంది, తనకి సరిపోదు. ఒడి ఖాళీగా ఉన్నదాని నోట్లో దేవుడి పేరు కూడా పూర్తిగా పనిచేయదని వాళ్ళు నమ్మారు. ఏళ్ళు గడిచేసరికి ఎంతోకొంత తనూ నమ్మింది. అప్పటినుంచి పసిపిల్లలు ఎదురైతే చూపు తిప్పుకుని నడిచేది. నాకు తెలిసి అంతకంటే కష్టమైన మర్యాద లేదు. ఎంత ముద్దొచ్చినా చూడకుండా ఉండటం.

మూడు వసంతాల కింద ఉల్ఫా వచ్చింది. బ్యాంకులో పనిచేసే పిల్ల. తల్లి పోయాక అటక మీద కత్తార్ దొరికితే, దాన్ని ఏం చేయాలో తెలియక గ్రూపులో అడిగింది. "తీసుకురా చూద్దాం," అంది మొంజియా. కారు డిక్కీలో వేసుకొచ్చింది. ఆ వారం సెలవు పెట్టి మొంజియా వాకిట్లోనే కూర్చుంది. ఆ పిల్లకి పెళ్ళై ఎనిమిదేళ్ళైంది, ఏమీ లేదు. ఎన్ని ఆసుపత్రులు తిరిగిందో ఆమే చెప్పింది. మొంజియా ఏ సలహా ఇవ్వలేదు. ఫలానా ఆకు నూరి తాగమనలేదు, ఫలానా దర్గాకి మొక్కుకోమనలేదు. కత్తార్ ముక్కులోంచి మొదటి చుక్క పడేదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎదురుచూశారు.

"పిన్నీ, నీ దగ్గర కూర్చుంటే ఎవరూ నన్నేమీ అడగరు," అంది ఉల్ఫా ఒకసారి.

"అడిగితే నన్ను కూడా అడగాలిగా," అంది మొంజియా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. రొట్టె, హరీసా అనే మిరపకాయల ముద్ద, ఆలివ్‌లు ముందేసుకుని ఇద్దరూ తినేవాళ్ళు. తిజానీ వాళ్ళిద్దర్నీ చూసి, "ఈ పిల్ల నీకు కూతురా, కోడలా?" అని ఏడిపించేవాడు. పైకి కసిరేదిగానీ ఆ మాట వినడం కోసం మొంజియా ఆదివారాలు ఎదురుచూసేది.

ఒక ఎండాకాలంలో ఓనాడు ఉల్ఫా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పిన్నీ, నీకొకటి చెప్తాను. ఎవరికీ చెప్పకు."

"ఎవరికీ చెప్పనిదైతే నాక్కూడా చెప్పకే."

"మా ఆయన తర్వాత నీకే చెప్తున్నాను. నీకు చెప్పకుండా ఎలా ఉంటాను?"

మొంజియాకి అర్థమైపోయింది. చప్పున చూపు పొయ్యి మీదకి తిప్పుకుంది. కడుపు వంక చూడలేదు, మొహం వంక కూడా చూడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"పొగా పిన్నీ?" అంది ఉల్ఫా.

"పొగే. దూరం జరుగు, నీకు మంచిది కాదు."

ఆ రోజు నుంచి మొంజియా ఆదివారాలకి మోకాళ్ళ నొప్పి వచ్చింది. ఒక వారం నొప్పి, ఇంకో వారం చుట్టాలు, ఇంకో వారం తలపోటు. ఉల్ఫా కొన్నాళ్ళు అడిగింది, తర్వాత మానేసింది. పొట్ట కనిపించే నెలల్లో ఆ పిల్ల తన ఎదుట పడకుండా ఉంటే అంతా సవ్యంగా జరుగుతుందని మొంజియా లెక్క. ఆ లెక్క ఉల్ఫాకి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. "నా కన్ను మంచిది కాదేమో" అని ఒకరితో అనడం అంత తేలికైతే, మనుషులకి ఇన్ని రోగాలు ఉండవు.

పూలు విరగబూసిన రోజుల్లో ఫొటో వచ్చింది. మొంజియా గదిలో తెల్ల దుప్పటి మీద పూలు పరుస్తోంది. ఫోను మోగింది. ఆసుపత్రి మంచం, చెదిరిన జుట్టు, ఉల్ఫా నవ్వు, ఆమె గుండెల మీద ఎర్రటి పిడికెడు మొహం. కింద రాసి ఉంది: "సిరాజ్. ఈ పొద్దున్నే వచ్చాడు. అక్కచెల్లెళ్ళందరి దీవెనలు కావాలి."

తబారకల్లాలు వానలా కురిశాయి. హృదయాలు, నీలం కళ్ళ పూసలు, అయిదు వేళ్ళ చేతులు, చేప బొమ్మలు, దిష్టికి విరుగుడు ఏదుంటే అది. నజీహా గొంతు సందేశంలో నాలుక ఆడిస్తూ ఏకంగా ఉలూలూ అని పండగ కేక పెట్టింది. ఆ రోజుకి వసీలా నిమిషం నియమాన్ని ఎత్తేసింది.

మొంజియా పూల మధ్య కూలబడింది. ఏ పసివాడి మొహాన్నీ ఎన్నో ఏళ్ళుగా ఆమె అంతసేపు చూసి ఎరగదు. ఫొటోనే కదా, ఫొటోకి ఏమవుతుందిలే అనుకుంది. తర్వాత భయమేసి ఫోను బోర్లా పెట్టింది. మళ్ళీ తీసింది. 'తబారకల్లా, నా తల్లీ' అని కొట్టింది. చెరిపేసింది. 'నీ కడుపు చల్లగా' అని కొట్టింది. చెరిపేసింది. 'మీ అమ్మ చూసి ఉంటే' అని మొదలుపెట్టి, బాలింతని ఏడిపించడం ఎందుకని అదీ చెరిపేసింది. రాయకపోతే ఉల్ఫా ఏమనుకుంటుందో. రాస్తే పిల్లాడికి ఏమవుతుందో. నలభై రోజులు దాటనీ అనుకుంది చివరికి. నలభయ్యోనాడు తల్లి తలారా స్నానం చేసి గడప దాటుతుంది, బిడ్డ గట్టిపడతాడు, అప్పుడు ఎవరి చూపూ అంత పదునుగా దిగదు. ఆ రోజు స్వయంగా వెళ్ళి అన్నీ ఒకేసారి చెప్పొచ్చు.

ఇదంతా ఆమె మనసులో జరిగిందనుకుంది. కాని ఈ ఫోన్లకి నోరు మూసుకోవడం తెలీదు. అవతలివాళ్ళు రాస్తుంటే పైన కనిపిస్తుందని మొంజియాకి తెలుసు. తను రాస్తున్నా అలాగే కనిపిస్తుందని మాత్రం ఎన్నడూ తట్టలేదు. నలభై ఇళ్ళల్లో నలభై ఫోన్ల మీద 'మొంజియా టైప్ చేస్తోంది' అని వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది.

మరీ మూగదానిలా ఉండటం బాగోదని, పైకి జరిపి చూస్తే, ఫొటోకి ముందు ఎవరో అడిగిన ప్రశ్న జవాబు లేకుండా ఉండిపోయింది. బానకీ టోపీకీ మధ్య పిండి మెత్తి గుడ్డ చుట్టినా అంచు నుంచి ఆవిరి పోతోంది, ఏం చేయాలని. హమ్మయ్య, దీనికి చెప్పొచ్చు అనుకుంది. కొట్టి పంపించింది.

"పిండి జారుగా కలిపారు. నీళ్ళు తక్కువ పోయండి. గుడ్డ గట్టిగా చుట్టండి."

ఆ మాటలు వెళ్ళి సరిగ్గా పిల్లాడి ఫొటో కింద, అన్ని దీవెనల కింద పడ్డాయి. ఆ తర్వాత ఆ రోజంతా ఆ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు.

మొంజియాకి అనుమానం రాలేదు. పూల రోజులు, అందరూ పొయ్యిల దగ్గర ఉంటారు. ఆ ఏడు తీసిన మొదటి పాత్ర నీళ్ళు, అన్నిటికంటే గాఢమైనవి, వేరే సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, చీకటి అలమరలో పెట్టింది. అవి సిరాజ్‌వి. స్నానం నీళ్ళలో ఒక మూతెడు కలిపితే పిల్లాడు కంటినిండా నిద్రపోతాడు. రోజూ అలమర తలుపు తీసి సీసా వంక చూసుకునేది. సీసా వంకైతే ఎంతసేపు చూసినా తప్పులేదు.

కానీ గ్రూపు మాత్రం మరీ నెమ్మదించింది. తను ఏదైనా చెబితే ఎవరో ఒకరు బొటనవేలు పెడతారు, అంతే. నజీహా గొంతు వారాల తరబడి వినపడలేదు.

"నీ సవతులు మౌనవ్రతం పట్టారా?" అన్నాడు తిజానీ ఓ రాత్రి రొట్టె తుంచుకుంటూ.

"పనులు ఉండవూ? పూలైపోయాక బానలు తోమాలి, సీసాలు నింపాలి."

"ఆడాళ్ళకి పనుండి మాట్లాడకపోవడమా! నా పుట్టుక నుంచి చూడలేదు."

"నీ పుట్టుకే చూడదగ్గది," అందిగానీ, అతను పడుకున్నాక ఫోను ఆన్ చేసి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూసింది. పాడైందేమోనని.

పాడవలేదని బజార్లో తెలిసింది. మసాలా దినుసుల కొట్టు ముందు నజీహా కనిపించింది. మొదట తడబడింది, తర్వాత అలవాటు కొద్దీ గలగలా మొదలెట్టింది. మోకాళ్ళు, మనవడు, ధరలు అన్నీ అయ్యాక ఫోను తీసి మొంజియా మొహం ముందు పెట్టింది.

"అక్కా, నువ్వే చెప్పు. టోపీ లోపల ఇదిగో ఇలా పచ్చ మచ్చలు పడ్డాయి. వసీలా నిమ్మకాయతో తోమమంది. ఇంకొకావిడ ఉప్పు చాలంది. ముప్ఫై మంది ముప్ఫై రకాలుగా చెప్పారు, నా బుర్ర తిరిగిపోయింది."

"ఎక్కడ చెప్పారు?"

"అదే, మన గ్రూపులో..." నజీహా నోరు సగంలో ఆగింది.

మొంజియా కళ్ళజోడు సవరించుకుని చూసింది. పైన రాసి ఉంది: 'కత్తార్ అక్కచెల్లెళ్ళు, కొత్తది'. కింద అందరూ ఉన్నారు. మచ్చల ఫొటోకి పైన ఎవరి మనవరాలో ఊయల్లో ఉంది. దానికి పైన సిరాజ్, ముడుచుకున్న పిడికిలి నోట్లో పెట్టుకుని.

చూపు తిప్పుకుంది.

"నిమ్మకాయా వద్దు, ఉప్పూ వద్దు," అంది. "పొయ్యి బూడిదతో తోమి ఎండలో పెట్టు. ఎప్పుడు పెట్టారే కొత్తది?"

"నాకేం తెలీదక్కా, ఒట్టు. వసీలా పెట్టింది. నువ్వు ఇబ్బంది పడకూడదనే..."

"నాకేం ఇబ్బంది?"

"పిల్లల ఫొటోలు వస్తే నువ్వు... అంటే నీకు బాధనిపిస్తుందని. ఆ రోజు ఉల్ఫా ఫొటోకి నువ్వంతసేపు రాస్తూనే ఉన్నావు, రాస్తూనే ఉన్నావు, ఏదో పెద్ద దీవెన వస్తుందని మేమంతా చూస్తున్నాం. చివరికి పిండి గురించి పంపావు. తబారకల్లా లేకపోతే సీసా కింద కూడా ఊరుకోవు కదా నువ్వు. అందరూ అనుకున్నారు..."

"ఏమనుకున్నారు?"

నజీహా జీలకర్ర సంచీలోకి చూసింది. "ఆ తర్వాత వారమే పిల్లాడికి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, తబారకల్లా, బాగానే ఉన్నాడు. ఉల్ఫా వాళ్ళత్త కుంపట్లో పటిక వేసింది. కాలిన పటికలో కన్ను ఆకారం తేలిందట."

"ఎవరి కన్ను?"

"కంటికి పేరుంటుందా అక్కా!" అంది నజీహా, ఏడుపు గొంతుతో.

మొంజియా కొన్నదేమిటో, ఇంటికెలా వచ్చిందో ఆమెకి గుర్తులేదు. ఆ మధ్యాహ్నం పాత గ్రూపు తెరిచి కింది నుంచి పైకి చదువుకుంది. పచ్చ మచ్చలకి మందు, మంటకి కొలత, ఎండకి జాగ్రత్తలు, అన్నీ తనవే, ఒకదాని కింద ఒకటి. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంట్లో ఇన్నాళ్ళూ తనొక్కతే కూర్చుని వంట నేర్పిందన్నమాట. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. అంతకంటే, పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడన్న మాట గుండెల్లో గుచ్చుకుంది. ఉల్ఫా ఒక్కతే ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటుంది. పక్కన పిన్ని లేదు.

నలభయ్యోరోజు ఇంకా రాలేదు. అయినా సీసా తీసి, కొంగులో చుట్టుకుని బయల్దేరింది. వాళ్ళు ఏమనుకున్నా ఆమెకి ఒక్కటే కావాలి. తన మౌనం ప్రేమని ఉల్ఫా ఒక్కతికి తెలియాలి. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ ఎలా పోయినా ఫరవాలేదు.

తలుపు ఉల్ఫానే తీసింది. భుజం మీద పిల్లాడు, వాడి వీపు మీద శాలువా. మనిషి చిక్కిపోయింది. ఒక్క క్షణం గుమ్మంలో అలాగే నిలబడింది. తర్వాత పక్కకి జరిగింది.

"రా పిన్నీ."

అత్తగారు ఇంట్లో లేదు. ఉల్ఫా చిన్న గ్లాసులో జ్రీర్ తెచ్చింది. నువ్వులు, వెన్న, తేనె కలిపి బాలింత ఇంట్లో వచ్చినవాళ్ళకి పెట్టే తీపి. మర్యాద మర్యాదే. మొంజియా చెంచాతో ఒక్కసారి నోట్లో పెట్టుకుంది. గ్లాసు పక్కన పెట్టింది.

"ఒంట్లో ఎలా ఉందే?"

"ఇప్పుడడుగుతున్నావా?" అంది ఉల్ఫా. గొంతు పైకి లేవలేదు, పిల్లాడు నిద్రలో ఉన్నాడు. "చూశావు పిన్నీ. నువ్వు చూసినట్టు ఫొటో కింద నీలం టిక్కులు పడ్డాయి. టైప్ చేస్తున్నావని వచ్చింది. కుట్లు నొప్పి పెడుతుంటే దిండుకి ఆనుకుని ఆ మాట వంకే చూస్తూ కూర్చున్నాను. పోతుంది, మళ్ళీ వస్తుంది. మా అమ్మ లేదు. ఆ రోజు అంతమంది రాశారు, నేను నీ మాట కోసం చూశాను. ఎంత రాస్తుందో మా పిన్ని అనుకున్నాను. పిండి గురించి రాశావు."

"ఉల్ఫా..."

"కడుపుతో ఉన్నప్పుడు కూడా అంతే. మోకాళ్ళ నొప్పులన్నావు. పండ్ల కొట్టు దగ్గర నన్ను చూసి వీధి మారావు, నేను చూడలేదనుకున్నావా? అందరూ అంటే నేను తిట్టాను. మా పిన్ని అలాంటిది కాదన్నాను. వసీలాతో పోట్లాడాను. మరి నువ్వు ఎందుకలా చేశావో ఒక్కసారి చెప్పు, నేను వాళ్ళందరికీ చెప్తాను."

చెప్పింది మొంజియా. ముప్ఫై ఏళ్ళుగా తిజానీతో కూడా అననిది చెప్పింది. మరిది కొడుకు, ఏడోరోజు విందు, చేతుల్లో ఆ బరువు. తబారకల్లా అన్నా ఆగని జ్వరం. అత్తగారి చెప్పు కింద నలిగిన పటిక.

"నాది పడకూడదనే, తల్లీ. ఎవరి కన్ను ఎలాంటిదో దేవుడికే తెలుసు. నా కన్నంటే నాకే భయం. నీ బిడ్డని చూడాలని నాకెంత ఉండేదో తెలుసా? నలభై రోజులు గడవనీ అనుకున్నాను. అప్పటిదాకా వాడికి నేను తగలకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ ఫొటో చూసి..."

సీసా మూతికి కట్టిన గుడ్డ ముడి సవరించింది.

ఉల్ఫా కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆమె నమ్మింది. ప్రతి మాటా నమ్మింది, అది ఆమె మొహంలో కనిపిస్తోంది. కానీ ఆమె చెయ్యి, తన పాటికి తాను, పిల్లాడి వీపు మీది శాలువాని నెమ్మదిగా పైకి లాగింది. మెడ దాకా లాగింది, చెవి దాకా లాగింది, మొహం మీద కప్పింది.

ఆ చెయ్యిని ఇద్దరూ ఒకేసారి చూశారు.

"పిన్నీ, నేను... నేను అలా..." ఉల్ఫా మొహం పాలిపోయింది. శాలువా తీసేయాలని వేళ్ళు కదిలాయి. తీయలేకపోయాయి.

మొంజియా లేచింది.

"బాగా కప్పమ్మా," అంది. "తలుపు తీసి ఉంది కదా, గాలి వస్తోంది."

ఆ రోజు నాబుల్‌లో ఆకు కదల్లేదు.

సీసా బల్ల మీద పెట్టి, స్నానం నీళ్ళలో ఒక మూత చాలని చెప్పింది. మళ్ళీ తనే, "వాడకపోయినా ఫరవాలేదు, నువ్వు మొహం కడుక్కో," అంది. ఉల్ఫా గుమ్మం దాకా వచ్చి, చేతిని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. రెండో చేత్తో పిల్లాణ్ణి అవతలి భుజం మీదకి మార్చుకుంది.

ఇంటికి చేరకముందే ఫోను మోగింది. ఉల్ఫా ఆమెని కొత్త గ్రూపులో చేర్చింది. ఒక్కసారిగా స్వాగతాలు. 'మా గురువుగారు వచ్చేశారు' అని వసీలా, నజీహా ఉలూలూ, పువ్వులు, ముద్దులు. మొంజియా అందరికీ థాంక్స్ చెప్పింది. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. చెడ్డవాళ్ళైతే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ గ్రూపులో రాగి గురించి, పూల గురించి, సీసాల గురించి బోలెడు మాటలు నడుస్తున్నాయి. పసిపిల్లల ఫొటో మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కటి రాలేదు. నలభై మంది ఆడవాళ్ళున్నచోట ఒక్క మనవడికీ పన్ను రాకుండా, ఒక్క మనవరాలూ బోర్లాపడకుండా ఇన్ని నెలలు గడుస్తాయా? ఇంకో గ్రూపు ఎక్కడో ఉందని మొంజియాకి ఎవరూ చెప్పనవసరం లేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడామె ఏం రాయాలన్నా ముందు తిజానీ పాత సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుంటుంది. అక్కడే కొట్టివేతలు, దిద్దుబాట్లు అన్నీ కానిచ్చుకుని, తర్వాత ఫోన్లో గబగబా కొట్టి పంపించేస్తుంది. తటపటాయించడం ఎవరి కంటా పడకుండా.

"పరీక్ష రాస్తున్నావా?" అంటాడు తిజానీ. ఆమె అట్ట తిప్పి రెండోవైపు రాస్తుంది.

మళ్ళీ పూలు వచ్చే రోజుల్లో ఒక పొద్దున్న, మొంజియా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే గ్రూపులో ఫొటో పడింది. నజీహా పంపింది. ఎవరిదో వాకిలి. నారింజ చెట్టు మొదలు పట్టుకుని ఒక పిల్లాడు నిలబడ్డాడు. మోకాలి మీద మన్ను, నోట్లో రెండు పళ్ళు, ఉల్ఫా నవ్వు. మొంజియా చూస్తుండగానే ఫొటో మాయమైంది. ఆ స్థానంలో 'ఈ సందేశం తొలగించబడింది' అని వచ్చింది. నజీహా గ్రూపు తప్పింది పాపం, ఎప్పటిలాగే తొందర.

ఆ కాస్త సేపూ ఆమె చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవడానికి టైము లేకపోయింది. నిలబడుతున్నాడు. పళ్ళొచ్చాయి.

"తబారకల్లా," అంది పైకే, ఖాళీ వంటింట్లో, ఉల్లిపాయల చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "తబారకల్లా, నా తండ్రీ."

ఈ ఒక్కటి మాత్రం ఫోను ఎవరికీ చెప్పలేదు.